లేన్ డిపార్చర్ వార్నింగ్: మొరాయింపులు, కారణాలు, సవరణలు

ఇండికేటర్ వేయకుండా కారు తన లేన్ గీత దాటి పక్కకు జరిగిపోతుంటే బీప్ శబ్దంతోనో, స్టీరింగ్ వణుకుతోనో డ్రైవర్‌ను హెచ్చరించే ఏర్పాటును లేన్ డిపార్చర్ వార్నింగ్ అంటారు. వాడుకలో లేన్ వార్నింగ్. కునుకు పట్టినప్పుడు, చూపు ఫోన్ మీదికి మళ్లినప్పుడు, వెనక సీట్లో పిల్లల వైపు తిరిగినప్పుడు ప్రాణం కాపాడటానికి పుట్టిన పరికరమిది. సరిగ్గా పనిచేస్తున్నంత కాలం దీని ఉనికే తెలియదు. మొరాయిస్తే మాత్రం రెండు రకాలుగా విసిగిస్తుంది: అరవాల్సిన చోట అరవదు, అక్కర్లేని చోట అరుస్తుంది. తప్పు కారులోనే ఉందనుకుని యజమానులు నేరుగా సర్వీస్ సెంటర్ దారి పడతారు. అక్కడ స్కానర్ పెట్టి చూస్తే చాలాసార్లు ఏ లోపమూ కనిపించదు. ఈ వ్యవస్థలో సగం మాత్రమే కారులో ఉంటుంది. మిగతా సగం రోడ్డు మీద గీతల రూపంలో ఉంటుంది.

జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల రోడ్ల మీద ఒక్క రోజు తిరిగితే ఈ సంగతి అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి ప్రధాన మార్గం. పాతవాళ్లకు అది 202వ నంబరు రోడ్డుగానే గుర్తు. యాదగిరిగుట్ట ప్రాంతం నుంచి వరంగల్ దాకా 99 కిలోమీటర్లు నాలుగు వరుసలైంది. మధ్యలో డివైడర్, ఇరువైపులా అంచు గీతలు, జనగామ దాటాక కోమళ్ల టోల్ ప్లాజా. ఆ రోడ్డు మీద లేన్ వార్నింగ్ హాయిగా పనిచేస్తుంది. అదే కారు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పాలకుర్తి వైపు తిరిగి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ పోతే గీతలు ఒక చోట ఉంటాయి, ఒక చోట ఉండవు. పరకాల మీదుగా భూపాలపల్లి పోతే సింగరేణి బొగ్గు లారీల రాకపోకలతో ఉన్న గీతలు కూడా నల్లబడి ఉంటాయి. కారు మారలేదు, కెమెరా మారలేదు. డాష్‌బోర్డు మీద గుర్తు మాత్రం పచ్చగా వెలుగుతూ, తెల్లబడుతూ ఉంటుంది.

పనిచేసే తీరు

ముందు అద్దానికి లోపలివైపు, వెనక వచ్చే బండ్లను చూసుకునే అద్దం మొదట్లో, ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కెమెరా ఉంటుంది. అది సెకనుకు పదుల సంఖ్యలో బొమ్మలు తీస్తుంది. నల్లటి తారు మీద తెల్లని, పసుపు పచ్చని గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెలుగు నీడల తేడాను బట్టి పట్టుకుంటుంది. కుడి ఎడమ గీతల మధ్య కారు ఎక్కడుందో, ఎటు జరుగుతోందో, ఇంకెంత సేపట్లో చక్రం గీతను తాకుతుందో లెక్క కడుతుంది. ఆ సమయం ఒక హద్దు కంటే తగ్గి, ఇండికేటర్ వేసి లేకపోతే హెచ్చరిస్తుంది.

ఆ సమయం ఎంత తక్కువో చూడండి. మన జాతీయ రహదారుల మీద ఒక్కో లేన్ వెడల్పు 3.5 మీటర్లు. మామూలు ఎస్‌యూవీ వెడల్పు సుమారు 1.8 మీటర్లు. లేన్ నడిమధ్యన పోతే అటూ ఇటూ మిగిలేది 85 సెంటీమీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. బండి ముఖం రెండంటే రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా, సెకను పైచిలుకులో చక్రం గీత మీదికి వస్తుంది. ఈలోపే కెమెరా చూడాలి, కంప్యూటర్ తేల్చాలి, డ్రైవర్ చెవికి శబ్దం చేరాలి, చేయి కదలాలి. అద్దం మీద చిన్న మరకనైనా ఈ వ్యవస్థ ఎందుకు సహించదో ఈ లెక్కలోనే ఉంది.

దీని తోబుట్టువులు రెండున్నాయి. లేన్ కీప్ అసిస్ట్ హెచ్చరించడంతో ఆగదు, స్టీరింగ్‌ను కొద్దిగా తిప్పి కారును లోపలికి తెస్తుంది. లేన్ సెంటరింగ్ కారును నడిమధ్యన నిలిపి ఉంచుతుంది. మూడింటికీ కన్ను ఒకటే. అందుకే ఒకటి పడకేస్తే మిగతావీ పడకేస్తాయి. "లేన్ వార్నింగ్ పోయింది" అని చెప్పే యజమాని అసలు ఏది పోయిందో ముందు తేల్చుకోవాలి. స్టీరింగ్ తనంతట తాను తిరగడం లేదన్నది ఒక ఫిర్యాదు, బీప్ రావడం లేదన్నది వేరొకటి.

ఇది పుట్టింది కార్లలో కాదు, లారీల్లో. అమెరికాలోని ఐటెరిస్ కంపెనీ తయారుచేసిన వ్యవస్థ 2000లో యూరప్‌లో మెర్సిడెస్ యాక్ట్రోస్ ట్రక్కుల్లో వచ్చింది. రాత్రంతా నడిపే డ్రైవర్ల కోసమే అది. 2001లో జపాన్‌లో నిస్సాన్ సీమా కారు స్టీరింగ్‌కు సాయపడే పద్ధతిని తెచ్చింది. 2004 నుంచి సిట్రోయెన్ కార్లు కెమెరా లేకుండానే ఈ పని చేశాయి: ముందు బంపర్ కింద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు గీతను పసిగట్టేవి, కారు ఎటు జరిగితే సీటు అటువైపు వణికేది. బంపర్ కింద బురద పట్టే చోట సెన్సర్లుంటే ఏమవుతుందో వానాకాలంలో పల్లె రోడ్లెక్కిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. చివరికి పరిశ్రమ అంతా అద్దం వెనక కెమెరాకే వచ్చి చేరింది.

మన దేశంలో 2020లో ఎంజీ గ్లాస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700, ఎంజీ ఆస్టర్ ఈ తరహా సహాయ వ్యవస్థలను తెచ్చాయి. తరువాత హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, క్రెటా, కియా సెల్టోస్, టాటా హారియర్ వరుసకట్టాయి. యూరోపియన్ యూనియన్‌లో భారీ వాహనాలకు లేన్ వార్నింగ్ ఎప్పుడో తప్పనిసరైంది. మన రోడ్డు రవాణా శాఖ కూడా 2025 మార్చిలో ఒక ముసాయిదా విడుదల చేసి, లారీలకు, ఎనిమిది మందికి మించి ప్రయాణికులు ఎక్కే వాహనాలకు దీన్ని తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది.

హైదరాబాద్ నేర్పిన చూపు

ఈ కెమెరాల వెనకున్న కంప్యూటర్ విద్య చాలావరకు జర్మనీ, అమెరికా రోడ్ల బొమ్మలు చూసి నేర్చుకున్నది. అక్కడ గీతలు స్పష్టం, అంచులు శుభ్రం, రోడ్డుకు అడ్డం వచ్చేవి తక్కువ. మన దారుల్లో తారు ఎక్కడ ముగుస్తుందో, మట్టి ఎక్కడ మొదలవుతుందో కంటికే తెలియని చోట్లుంటాయి. ఈ లోటు తీర్చడానికి గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్ సంస్థతో కలిసి 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేసింది. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, వాటి శివార్లలో 182 సార్లు కారు నడిపి తీసిన దృశ్యాల నుంచి 10,000 బొమ్మలు ఎంచి, ప్రతి బొమ్మలో ఏది రోడ్డు, ఏది మట్టి అంచు, ఏది ఆటో, ఏది పశువు అని 34 తరగతులుగా గుర్తులు పెట్టారు. బండి పోగలిగిన మట్టి అంచుకు విడిగా ఒక తరగతి ఇవ్వడం అందులో విశేషం. విదేశీ డేటాసెట్లలో దాని అవసరం రాలేదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి లోపలికి పోయే ఏ రోడ్డు చూసినా ఆ తరగతి విలువ తెలుస్తుంది.

ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామిగా 2021లో నాగపూర్‌లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టు తరువాత తెలంగాణకు వచ్చింది. ఆర్టీసీ దూరప్రాంత బస్సుల్లో కెమెరాలు బిగించి, లేన్ దాటుతున్నప్పుడు, ముందు బండికి మరీ దగ్గరైనప్పుడు డ్రైవర్లను హెచ్చరించారు. ఆ హెచ్చరికలు ఎక్కడ ఎక్కువ మోగుతున్నాయో లెక్కగట్టి రోడ్డు లోపాలను పట్టుకోవడం ఆ ప్రాజెక్టులో రెండో పని. హెచ్చరిక డ్రైవర్‌కే కాదు, రోడ్డు వేసినవాళ్లకూ సమాచారమే అన్న ఆ ఆలోచన ఎంతో మెచ్చుకోదగ్గది.

అసలు హెచ్చరికే రానప్పుడు

మొదట చూడాల్సింది స్విచ్, తరువాత వేగం. చాలా కార్లలో ఈ వ్యవస్థ గంటకు 60 కిలోమీటర్లు దాటాకే మేలుకుంటుంది. కొన్నింటిలో ఆ హద్దు ఇంకా ఎక్కువ. ఊళ్లో 40 మీద పోతూ బీప్ రాలేదనడం లోపం కిందికి రాదు. ఇండికేటర్ వేసి ఉంటే కావాలనే తిరుగుతున్నారనుకుని మౌనంగా ఉంటుంది. మలుపు తిరిగాక ఇండికేటర్ ఆర్పడం మరిచిపోతే ఆ మౌనం అలాగే కొనసాగుతుంది. గట్టిగా బ్రేక్ వేసినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా అంతే.

డాష్‌బోర్డు మీద గుర్తు రంగు చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. ఎక్కువ కార్లలో పచ్చ రంగంటే గీతలు దొరికాయని, తెలుపో బూడిద రంగో అయితే సిద్ధంగా ఉన్నా గీతలు దొరకలేదని, పసుపు నారింజ కలిసిన రంగైతే వ్యవస్థలోనే తేడా ఉందని అర్థం. కంపెనీని బట్టి రంగులు కొద్దిగా మారతాయి కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చదవాలి. గుర్తు తెల్లగా ఉందంటే షెడ్డుకు పోవడం దండగ. జాతీయ రహదారి ఎక్కి ఐదారు కిలోమీటర్లు నడిపితే అదే పచ్చబడుతుంది.

గుర్తు పచ్చబడకపోతే అద్దం చూడాలి. మన ప్రాంతంలో దీని గురించి వివరంగా చెప్పుకోవాలి. కొత్త బండి కొన్నవాళ్లు ఎక్కువమంది యాదగిరిగుట్టకో, ఊరి గుడికో తీసుకుపోయి వాహన పూజ చేయిస్తారు. ముందు అద్దం మీద పసుపు, కుంకుమ, గంధంతో స్వస్తిక్ రాస్తారు. అది కెమెరా ముందు పడితే కెమెరాకు రోడ్డు మసకబారుతుంది. పూజకు ఆటంకం అక్కర్లేదు, అద్దం కింది అంచునో బానెట్ మీదో రాయిస్తే సరిపోతుంది. తరువాతిది ఫాస్టాగ్. దాన్ని అద్దం నడుమ, పైభాగాన అంటించమంటారు. కెమెరా ఉండేదీ అక్కడే. కెమెరా డబ్బాకు ఎదురుగా ఉన్న గాజు ముక్కను వదిలి కొంచెం పక్కకు, కిందికి అంటిస్తే టోల్ గేటూ చదువుతుంది, కెమెరా కంటికీ అడ్డం రాదు. డాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహం, మెరిసే గుడ్డ, తెల్ల కాగితాలు పెడితే ఎండలో వాటి ప్రతిబింబం అద్దం లోపలివైపు పడి కెమెరాను తికమక పెడుతుంది. చల్లదనం కోసం వేయించే ఫిల్మ్ కెమెరా ముందు భాగాన్నీ కప్పేస్తే, పగలు పనిచేసి రాత్రి ఆగిపోయే విచిత్రమైన ఇబ్బంది వస్తుంది.

వరికోతల రోజుల్లో హార్వెస్టర్ లేపిన దుమ్ము అద్దం మీద సన్నని పొరలా పట్టుకుంటుంది. పొడి వైపర్ వేస్తే అది గీతలుగా సాగుతుంది, ఎదురు ఎండలో ఒక్కో గీతా మెరుస్తుంది. నీళ్లు చల్లి, తడి గుడ్డతో బయట తుడవాలి. లోపలివైపు కెమెరా డబ్బాను విప్పే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. ఆ కోణం ఒక్క డిగ్రీ తప్పినా పదుల మీటర్ల దూరంలో గీత వేరే చోట ఉన్నట్టు లెక్క వస్తుంది.

ఎండదీ ఒక పాత్ర. మే నెలలో ఈ జిల్లాల్లో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు పోతుంది. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారులో కెమెరా ఉండే చోటు అంతకంటే చాలా వేడెక్కుతుంది. అప్పుడు కెమెరా తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయి తెర మీద సందేశం ఇస్తుంది. ఏసీ వేసి, గాలి ముందు అద్దానికి తగిలేలా పెట్టి, కొంత దూరం నడిపితే తిరిగి వస్తుంది. పదే పదే వస్తేనే చూపించాలి. ఇంకో విషయం ఈ రోడ్డుకే ప్రత్యేకం: హైదరాబాద్ నుంచి వరంగల్ దారి తూర్పు ఈశాన్యంగా సాగుతుంది. పొద్దున వరంగల్ వైపు పోయేవాళ్లకు, సాయంత్రం హైదరాబాద్ తిరిగి వచ్చేవాళ్లకు సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు. కెమెరాకూ అదే గతి. ఆ గంట సేపు హెచ్చరిక మీద ఆశ పెట్టుకోకుండా నడపాలి.

అక్కర్లేని చోట అరిచినప్పుడు

ఇందులో ఎక్కువ భాగం నిజానికి అక్కర్లేని అరుపు కాదు. ఆటోను దాటేటప్పుడు ఇండికేటర్ వేయకుండా పక్క లేన్‌లోకి జరిగితే పరికరం తన పని తాను చేసినట్టే. రాంగ్ రూట్‌లో వచ్చే బైకును తప్పించడానికి గీత తొక్కినా అంతే. రోజుకు ఇరవై సార్లు మోగుతోందంటే, అందులో ఎన్ని సార్లు ఇండికేటర్ వేశామో ఒక్క రోజు గమనిస్తే చాలు.

మిగిలినవి రోడ్డు పెట్టే భ్రమలు. యాసంగి, వానాకాలం కోతలయ్యాక సర్వీస్ రోడ్ల మీద, కొన్నిచోట్ల ప్రధాన రోడ్డు మీద కూడా వడ్లు ఆరబోస్తారు. నల్ల తారు పక్కన లేతపసుపు వడ్ల అంచు తిన్నగా సాగుతుంటే కెమెరాకు అది అంచు గీతలా కనిపించే అవకాశముంది. కుప్పల మీద కప్పిన టార్పాలిన్ అంచుదీ అదే సమస్య. రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పిన కుప్పను కెమెరా చూడనే చూడదు, డ్రైవరూ చూడడు. ఆ ప్రమాదాన్ని ఏ బీప్ కూడా ఆపలేదు. కల్లాలు చాలినన్ని కట్టించడమే దానికి దారి.

తారు పగుళ్లను నింపడానికి పోసిన కొత్త తారు చారలు తడిసినప్పుడు, ఏటవాలు ఎండ పడినప్పుడు మెరిసి గీతల్లా కనిపిస్తాయి. రోడ్డు పనుల్లో దారి మళ్లించినప్పుడు పాత గీతలు చెరపకుండా కొత్తవి వేస్తే, కెమెరా పాతదాన్నే నమ్ముతుంది. లేన్ కీప్ అసిస్ట్ ఉన్న కారైతే స్టీరింగ్‌ను ఆ పాత గీత వైపు లాగుతుంది కూడా. పనులు జరిగే చోట దాన్ని కాసేపు ఆపుకోవడం మంచిది. దాటాక మళ్లీ వేయడం మరవకూడదు.

ఎప్పుడూ ఒకే వైపు గీత దగ్గర, లేన్ మధ్యలో ఉండగానే మోగుతుంటే మాత్రం అది భ్రమ కాదు, కొలత తప్పింది.

కొలత తప్పితే

కెమెరాకు కారు నడిమి గీత ఎక్కడుందో, నేల నుంచి తాను ఎంత ఎత్తులో ఉన్నానో ముందే చెప్పి పెడతారు. దీన్ని క్యాలిబ్రేషన్ అంటారు. ముందు అద్దం మార్చాక అది తప్పనిసరి. లారీ టైరు కింద నుంచి ఎగిరిన కంకర అద్దాన్ని పగలగొట్టడం ఈ దారుల్లో మామూలే. ఇన్సూరెన్స్‌లో అద్దం మార్చేటప్పుడు క్యాలిబ్రేషన్ కూడా ఎస్టిమేట్‌లో ఉందో లేదో అడిగి రాయించుకోవాలి. బయటి షెడ్డులో అద్దం మాత్రమే మార్చి పంపితే కారు చూడటానికి బాగానే ఉంటుంది, లేన్ వార్నింగ్ మాత్రం తప్పుడు లెక్కలతో నడుస్తుంది.

క్యాలిబ్రేషన్‌లో రెండు పద్ధతులు. మొదటిది వర్క్‌షాపులో: చదునైన నేల మీద కారు నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నలుపు తెలుపు గళ్ల బోర్డును కొలిచిన దూరంలో, కొలిచిన ఎత్తులో నిలబెట్టి, కెమెరా చేత దాన్ని చదివిస్తారు. రెండోది రోడ్డు మీద: స్కానర్ తగిలించి, చెప్పిన వేగంలో, స్పష్టమైన గీతలున్న దారిలో కొంత దూరం నడుపుతారు. గీతల్లేని రోడ్డు మీద ఈ రెండో పద్ధతి ఎంత నడిపినా పూర్తికాదు. మహబూబాబాద్ వైపు లోపలి దారుల్లో ప్రయత్నించే బదులు కారును 163 మీదికి తేవడం మేలు.

అద్దం మార్చకున్నా కొలత తప్పవచ్చు. పెద్ద సైజు టైర్లు వేయించినా, స్ప్రింగులు మార్పించి బండి ఎత్తు పెంచినా కెమెరా చూపు మారుతుంది. డిక్కీలో బియ్యం బస్తాలు వేసుకుని వెనక భాగం కుంగితే ముందు భాగం లేచి కెమెరా ఆకాశం వైపు చూస్తుంది. బరువు దించాక సర్దుకుంటే చింత లేదు. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తే వీల్ అలైన్‌మెంట్ చూపించి, స్టీరింగ్ కోణం కొలిచే సెన్సర్‌ను మళ్లీ సున్నాకు పెట్టించాలి.

పసుపు గుర్తు వెలిగినప్పుడు దాంతోపాటు ఇంకేం వెలిగాయో చూడటం ముఖ్యం. లేన్ వార్నింగ్, ఆటోమేటిక్ బ్రేకింగ్, హైబీమ్ అసిస్ట్ కలిసి పోతే వేలు కెమెరా వైపు చూపిస్తుంది. ఏబీఎస్, ఈఎస్‌పీ దీపాలు కూడా వెలిగితే లోపం చక్రం సెన్సర్‌లోనో, స్టీరింగ్ సెన్సర్‌లోనో ఉండి ఉంటుంది, ఆ సమాచారం అందక కెమెరా పని మానేసింది. అన్నీ ఒక్కసారిగా వెలిగితే మొదట బ్యాటరీ చూడాలి. వోల్టేజీ పడిపోయినా, ఇంకో బండి నుంచి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేసినా ఇలా జరుగుతుంది. కొంత దూరం నడిపి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే చాలావరకు ఆరిపోతాయి. పొలాల పక్క ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా మరిచిపోకూడని కారణం. ఆన్‌లైన్‌లో దొరికే చవక స్కానర్లు ఇంజిన్ కోడ్‌లు చదువుతాయి గానీ కెమెరా దాకా పోవు. కంపెనీ స్కానర్‌లో యూ అక్షరంతో మొదలయ్యే కోడ్ వస్తే భాగాల మధ్య సమాచారం తెగిందని అర్థం. కెమెరా మార్చమనే ముందు వైరు, కనెక్టర్ చూడమని అడగాలి. కెమెరా ఖరీదైన భాగం.

విసుగొచ్చి స్విచ్ ఆపేయడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. అమెరికాలో హైవే భద్రతా బీమా సంస్థ 2017లో 983 కార్లను పరిశీలిస్తే, లేన్ వ్యవస్థ ఆన్‌లో ఉన్నవి 51 శాతమే. బీప్ కంటే వణుకుతో హెచ్చరించే కార్లలో దాన్ని ఉంచుకున్నవాళ్లు ఎక్కువ. సెట్టింగుల్లో శబ్దం తీసి వణుకు పెట్టుకునే వీలుంటే, హెచ్చరిక ఆలస్యంగా వచ్చేలా మార్చుకునే వీలుంటే ముందు ఆ పని చేయాలి. అదే సంస్థ అదే ఏడాది వెల్లడించిన మరో అధ్యయనం ప్రకారం, ఈ హెచ్చరిక ఉన్న కార్లకు రోడ్డు దిగిపోవడం, పక్క బండిని రాసుకోవడం, ఎదురెదురు ఢీకొనడం వంటి ప్రమాదాలు 11 శాతం తక్కువ, వాటిలో గాయాలైనవి 21 శాతం తక్కువ. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు 1,68,491. ఆ అంకె ముందు ఒక బీప్ విసుగు చాలా చిన్నది.

ఇక కారుకు బయట ఉన్న సగం. రోడ్డు గీత మామూలు రంగు కాదు. కరిగించిన థర్మోప్లాస్టిక్‌ను రెండున్నర మిల్లీమీటర్ల మందాన పరిచి, వేడి చల్లారకముందే దాని మీద సన్నని గాజు పూసలు చల్లుతారు. రాత్రి హెడ్‌లైట్ వెలుగును తిరిగి కారు వైపు పంపేవి ఆ పూసలే. లారీ టైర్ల కింద అవి రాలిపోయాక, పగలు తెల్లగా కనిపించే గీత కూడా రాత్రి వాన పడితే మాయమవుతుంది. పగలు పచ్చగా ఉన్న గుర్తు రాత్రి ఒకే చోట ప్రతిసారీ తెల్లబడుతోందంటే అక్కడ గీత అరిగిందన్నమాట. జాతీయ రహదారి మీదైతే ఆ కిలోమీటరు రాయి నంబరు రాసుకుని 1033కు ఫోన్ చేయవచ్చు, రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టవచ్చు. పాలకుర్తి, తొర్రూరు వైపు రాష్ట్ర రోడ్లకు రోడ్లు భవనాల శాఖ డివిజన్ కార్యాలయంలో కాగితం ఇవ్వాలి, ఊరి పేర్లతో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా గీత లేదో రాసి.